పాత కారుకి వెడల్పాటి అద్దం

ముందే చెప్తున్నా, ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా నాది ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో నేను ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. క్లబ్ మీటింగ్‌లో సీనియర్ అక్క ఒకరు "కవితలు చాలానే వచ్చాయి, నువ్వు ఏదైనా సైన్స్ విషయం రాయి, కానీ తెలుగులో" అని పట్టుబట్టారు. సీఎస్ఈ వాళ్ళకి ఏం తెలుస్తుంది సైన్సు, కోడ్ తప్ప? అనుకున్నా. తర్వాత మామయ్య కారు గుర్తొచ్చింది. ఆ కారులో నేను చేసిన ఒక తప్పూ గుర్తొచ్చింది. ఆ తప్పు వల్ల నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

మా మామయ్య ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో డాక్టరు. తెనాలి నుంచి వెళ్ళి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన దగ్గర 1970 మోడల్ ఎమ్‌జీబీ ఉంది. రెండే సీట్లు, పైన గుడ్డ టాప్, మడిచి వెనక్కి నెట్టేస్తే నెత్తిన ఆకాశమే. ఈ కార్లని 1962 నుంచి 1980 వరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో తయారు చేశారు. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా కార్లు బయటికొచ్చాయి. ఇంజిన్ 1798 సీసీ, కారు పొడవు నాలుగు మీటర్లు కూడా ఉండదు.

మొన్న సెలవుల్లో నేను వెళ్ళేసరికి ఇంట్లో ఆ కారు మీద చర్చ నడుస్తోంది. మామయ్యకి మెడ ఎముకలు అరిగాయి. మెడ కుడివైపుకి సరిగ్గా తిరగదు. లేన్ మారాలంటే భుజం మీదుగా ఓసారి వెనక్కి చూడాలి కదా, అది కుదరట్లేదు. కొత్త కారులో అయితే పక్కన బండి వస్తే లైటు వెలుగుతుంది, బీప్ అంటుంది. ఎమ్‌జీబీలో అవేమీ లేవు. అత్తయ్య మాట ఒక్కటే: "అమ్మేయండి. లేదంటే షెడ్డులో పెట్టి రోజూ తుడుచుకోండి. రోడ్డు మీదికి మాత్రం వద్దు."

మామయ్య ఏమీ మాట్లాడకుండా నావైపు చూసి, "అమ్మలూ, నువ్వు ఇంజినీరింగే కదా, దీనికేదైనా దారుందా?" అన్నారు.

నేను ఫోన్ తీశాను. లోపలి అద్దానికి తగిలించుకునే వెడల్పాటి పానరామిక్ అద్దాలు వరసగా కనబడ్డాయి. కొన్ని చదునువి, కొన్ని వంపువి. వంపు వాటి మీద 3000ఆర్, 1400ఆర్, 600ఆర్ అని ఉంది. ఆ అంకెలేంటో నేను పట్టించుకోలేదు. 30 సెంటీమీటర్ల 1400ఆర్ అద్దం బొమ్మలో రోడ్డంతా, చెట్లతో సహా కనబడుతోంది. "ఇదే మామయ్యా, ఇందులో వెడల్పు బాగా వస్తుంది" అన్నా. రెండ్రోజుల్లో వచ్చేసింది.

ఆ రోజు జరిగింది

అద్దం తగిలించి, టాప్ మడిచేసి, ఏ46 రోడ్డు మీదికి వెళ్ళాం. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడపడం, స్టీరింగ్ కుడివైపు. మేం ఎడమ లేన్‌లో గంటకి 55 మైళ్ళ మీద వెళ్తున్నాం. ముందు ట్రాక్టర్ లాంటిది ఏదో నెమ్మదిగా పోతోంది. మామయ్య అద్దం చూశారు. "వెనక ఒకటుంది కానీ దూరంగా ఉందిలే" అని ఇండికేటర్ వేసి కుడికి తిప్పడం మొదలుపెట్టారు. నాకెందుకో అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూశా. ఆ కారు దూరంగా లేదు, దాదాపు మా వెనకే ఉంది. "మామయ్యా, ఆగండి!" అని అరిచా. అదే సమయానికి హారన్ మోగింది. మామయ్య మళ్ళీ ఎడమకి లాగేశారు. ఆ కారు మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. ఆయన అద్దం చూశారు, చూడకుండా తిప్పలేదు. అద్దమే ఆయనకి తప్పు చెప్పింది. ఆ అద్దాన్ని ఎంచింది నేను.

కుంభాకారం అంటే ఏమిటి

ఇంటర్‌లో ఆప్టిక్స్ చాప్టర్ నాకు కొట్టిన పిండి. ఒకటి బై వీ, ఒకటి బై యూ, కలిపితే ఒకటి బై ఎఫ్. ఎంట్రన్స్‌లో ఆ ప్రశ్న నిమిషంలో చేశా. కానీ ఆ ఎఫ్ ఒకరోజు మా మామయ్య కారులో వేలాడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ వ్యాసం కోసం తెలుగు పాఠ్యపుస్తకం తెరిస్తే కాన్వెక్స్ మిర్రర్‌కి 'కుంభాకార దర్పణం' అని ఉంది. కుంభం అంటే కుండ. కుండ బయటివైపులా ఉబ్బిన అద్దం అన్నమాట. పేరులోనే బొమ్మ ఉంది! స్టీలు చెంబు బయటివైపు మొహం చూసుకుంటే గదంతా చిన్నగా, దూరంగా కనబడుతుంది కదా, అదే ఇది. అందులో ఏర్పడే ప్రతిబింబాన్ని 'మిథ్యా ప్రతిబింబం' అంటారు. మిథ్య అంటే లేనిది ఉన్నట్టు కనబడడం. ఏ46 మీద మేం చూసింది అక్షరాలా అదే.

ఇక 1400ఆర్ అంటే వక్రతా వ్యాసార్థం 1400 మిల్లీమీటర్లు. అంటే ఆ అద్దం 1400 మి.మీ. వ్యాసార్థం ఉన్న ఒక పెద్ద గోళం నుంచి కోసిన ముక్క లాంటిది. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. నాభ్యంతరం అందులో సగం, 700 మి.మీ.

ఇప్పుడు లెక్క చేద్దాం. నేను టేపు పెట్టి కొలిస్తే మామయ్య కంటి నుంచి అద్దానికి దూరం సుమారు 550 మి.మీ. వచ్చింది. వెనక సరిగ్గా 20 మీటర్ల దూరంలో ఒక కారు ఉందనుకోండి.

చదును అద్దంలో అయితే ప్రతిబింబం అద్దం వెనక 20 మీటర్ల దూరంలోనే ఏర్పడుతుంది. నేరుగా తిరిగి చూస్తే ఎంత కనబడుతుందో దాదాపు అంతే కనబడుతుంది.

1400ఆర్ అద్దంలో ప్రతిబింబం అద్దం వెనక కేవలం 68 సెంటీమీటర్ల దగ్గర ఏర్పడుతుంది. సైజు అసలు కారులో సుమారు ముప్పయ్యో వంతు. 1.7 మీటర్ల వెడల్పున్న కారు కాస్తా 57 మిల్లీమీటర్ల బొమ్మ అయిపోతుంది. కంటి దగ్గర ఆ బొమ్మ చేసే కోణం కడితే, చదును అద్దంలో 36 మీటర్ల దూరంలో ఉన్న కారు ఎంత కనబడుతుందో అంతే. మన మెదడు రోడ్డు మీద దూరాన్ని ఎక్కువగా సైజుని బట్టే అంచనా వేస్తుంది. 'చిన్నగా ఉందంటే దూరంగా ఉంది' అని దాని లెక్క. అందుకే 20 మీటర్లు 36 మీటర్లయి కూర్చుంది.

దీన్ని సెకన్లలోకి మారిస్తే నాకు నిజంగా భయమేసింది. మేం 55 మైళ్ళ మీద, వెనక కారు 70 మైళ్ళ మీద వస్తోందనుకుంటే, తేడా 15 మైళ్ళు. అంటే సెకనుకి 6.7 మీటర్లు. 36 మీటర్లు అందుకోవడానికి 5.4 సెకన్లు పడుతుంది. 20 మీటర్లకి 3 సెకన్లు. లేన్ మారడానికి నాలుగైదు సెకన్లు కావాలి. మామయ్య అనుకున్న లెక్కలో టైము ఉంది. రోడ్డు మీద లేదు.

ఒకటే గుణకం

ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశా. అద్దం వెడల్పు, వంపు, కంటి దూరం ఇస్తే ఎంత కోణం కనబడుతుందో, బొమ్మ ఎంత చిన్నదవుతుందో చెప్పాలి. కాసేపటికి ఒక విషయం కనబడింది. ప్రోగ్రాం అక్కర్లేకుండా కాగితం మీదే తేలిపోయే విషయం అది.

దూరంగా ఉన్న వస్తువు ఎన్నో వంతుకి తగ్గి కనబడుతుందో చెప్పే గుణకం ఇది:

గుణకం = 1 + (2 × కంటి దూరం ÷ వక్రతా వ్యాసార్థం)

550 మి.మీ. కంటి దూరానికి వేసి చూడండి. 3000ఆర్ అద్దానికి 1.37. 1400ఆర్‌కి 1.79. 600ఆర్‌కి 2.83. చదును అద్దానికి వ్యాసార్థం అనంతం కాబట్టి సరిగ్గా 1.

ఇప్పుడు కోణం చూద్దాం. 30 సెం.మీ. చదును అద్దంలో సుమారు 30 డిగ్రీల వెడల్పు కనబడుతుంది. 3000ఆర్‌లో 41, 1400ఆర్‌లో 52, 600ఆర్‌లో 75 డిగ్రీలు. ఈ కోణాల్లో సగం తీసుకుని దాని టాన్ విలువ కట్టి, చదును అద్దం టాన్ విలువతో భాగిస్తే ఏం వస్తుందో తెలుసా? 1.37, 1.79, 2.83. అవే అంకెలు!

అంటే వంపు వల్ల వెడల్పు ఎన్ని రెట్లు పెరుగుతుందో, బొమ్మ సరిగ్గా అన్ని రెట్లు తగ్గుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. అద్దం సైజు మారకుండా వెడల్పు పెరిగిందంటే సైజులో కోత పడినట్టే.

ఇంకో విషయం. ఆ కొత్త అద్దం పెట్టిన దగ్గర్నుంచి మామయ్య "కొంచెం మసగ్గా ఉందేంటి" అంటూనే ఉన్నారు. దుమ్మేమో అని నేను రెండుసార్లు తుడిచా. అసలు కారణం ఇది: ప్రతిబింబం అద్దం వెనక 68 సెం.మీ. దగ్గరే ఉంది. కంటి నుంచి కొలిస్తే 1.2 మీటర్లు. నలభై దాటినవాళ్ళకి దగ్గరి వస్తువుల మీద చూపు నిలపడం తగ్గుతూ వస్తుంది. మామయ్య దూరపు చూపు కళ్ళజోడుతో రోడ్డు చూస్తూ, టక్కున 1.2 మీటర్ల దగ్గరికి చూపు మార్చుకోవాలి. నా పంతొమ్మిదేళ్ళ కంటికి ఆ ఇబ్బంది తెలియదు. అందుకే "బాగానే ఉంది కదా మామయ్యా" అన్నా. అది నా రెండో తప్పు.

అద్దం పుట్టినప్పటి నుంచీ ఉన్న గొడవ

కార్లలో వెనక అద్దం కథ సరదాగా ఉంటుంది. 1909లో డొరొతీ లెవిట్ అనే బ్రిటిష్ రేసర్ ఆడవాళ్ళ కోసం కారు నడపడం మీద ఒక పుస్తకం రాశారు. వెనక ఏం వస్తోందో చూసుకోవడానికి ఒక చిన్న చేతి అద్దం దగ్గర పెట్టుకోమని అందులో సలహా ఇచ్చారు. 1911లో అమెరికాలో మొట్టమొదటి ఇండియానాపొలిస్ 500 మైళ్ళ రేసు జరిగింది. అప్పట్లో రేసు కారులో డ్రైవర్‌తో పాటు ఒక మెకానిక్ కూర్చుని వెనకొచ్చే కార్లని చెప్తూ ఉండేవాడు. రే హారౌన్ ఒక్కడే ఆ మనిషి లేకుండా, ఎదురుగా ఒక అద్దం బిగించుకుని నడిపి రేసు గెలిచాడు. కానీ ఆ ట్రాక్ అదుర్లకి అద్దం ఒకటే వణికిందని, అందులో పెద్దగా ఏమీ కనబడలేదని ఆయనే తర్వాత చెప్పాడట.

ఇప్పటి కార్లలో వంపు అద్దాలు బయటి వైపు ఉంటాయి. మన కార్లలో కూడా ఎడమ అద్దం కింద 'ఇందులో కనబడేవి ఇంకా దగ్గరగా ఉన్నాయి' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం చూసే ఉంటారు. జురాసిక్ పార్క్ సినిమాలో డైనోసార్ జీపు వెంటపడినప్పుడు చూపించేది అదే. ఆ వాక్యం అమెరికా నిబంధనల్లోది. అక్కడ ప్రయాణికుడి వైపు వంపు అద్దం పెడితే ఆ హెచ్చరిక ఉండి తీరాలి, వ్యాసార్థం 889 నుంచి 1651 మి.మీ. మధ్యలో ఉండాలి. లోపలి అద్దం, డ్రైవర్ వైపు బయటి అద్దం మాత్రం చదునుగానే ఉండాలి. నేను లోపల పెట్టిన అద్దం వంపు 1400. అంటే అక్కడ హెచ్చరిక రాసి మరీ బయట పెట్టాల్సినంత వంపుని, మేం ఏ హెచ్చరికా లేకుండా మధ్యలో పెట్టుకున్నాం.

మరి ఎన్ని డిగ్రీలు కావాలి?

ఇది ముందే అడగాల్సిన ప్రశ్న. అసలు అవసరం ఎంతో తెలియకుండా 'వెడల్పు ఎక్కువైతే మంచిది' అనుకున్నా.

ఎమ్‌జీబీ పాత అద్దం 18 సెం.మీ. ఉంది. అందులో సుమారు 19 డిగ్రీలు కనబడతాయి. ఇంగ్లండ్‌లో పెద్ద రోడ్ల మీద లేన్ వెడల్పు 3.65 మీటర్లు. పక్క లేన్ మధ్యలో వచ్చే కారు ఈ అద్దంలోంచి ఎప్పుడు మాయమవుతుంది? లెక్క వేస్తే సుమారు 22 మీటర్ల దగ్గర. అంటే ఆరోజు మమ్మల్ని భయపెట్టిన కారు పాత అద్దంలో అసలు కనబడేదే కాదేమో. పాతదీ మంచిది కాదు. 30 సెం.మీ. చదును అద్దంలో 13 మీటర్ల దాకా కనబడుతుంది. 1400ఆర్ అయితే 7 మీటర్ల దాకా.

7 మీటర్ల దాకా కనబడడం గొప్పే కదా అనొచ్చు. కానీ 13 మీటర్ల దగ్గర అందుకోవడానికి డోర్ మీద ఇంకో అద్దం ఉంది. లోపలి అద్దం ఒక్కటే అన్నీ చేయాలనుకోవడం వల్లే వంపు అవసరమైంది. రెండూ కలిసి ఖాళీ లేకుండా చూపిస్తే చాలు.

ఇక టాప్ వేసి నడిపినప్పుడు సంగతి. వెనక ప్లాస్టిక్ కిటికీ సుమారు 90 సెం.మీ. వెడల్పు ఉంది, అద్దానికి 1.25 మీటర్ల వెనక ఉంది. ఆ కిటికీ మొత్తం కలిపి ఇచ్చేదే సుమారు 28 డిగ్రీలు. 30 సెం.మీ. చదును అద్దం 30 డిగ్రీలు చూపిస్తుంది కాబట్టి కిటికీ మొత్తం అందులో పట్టేస్తుంది. అంతకంటే వంపు అద్దం పెడితే అదనంగా కనబడేది నల్లటి గుడ్డ, మన నెత్తి. కిటికీ చిన్నదైతే అద్దం పెద్దదై ఏం లాభం!

రేసు కార్లలో ఉండే ఇంకో రకం అద్దం గురించి కూడా మామయ్య అడిగారు. ఐదు చదును ముక్కల్ని కొంచెం కొంచెం కోణంలో వరసగా బిగిస్తారు. ప్రతి ముక్కలో సైజు నిజమైనదే, వెడల్పూ వస్తుంది. మరి గుణకం నుంచి తప్పించుకున్నట్టేనా? లేదు. అతుకు దగ్గర బొమ్మ తెగుతుంది. 30 సెం.మీ.లో 52 డిగ్రీలు రావాలంటే ఒక్కో అతుకు దగ్గర ఐదు డిగ్రీల పైన రోడ్డు కనబడకుండా పోతుంది. రెండు కళ్ళతో చూస్తాం కాబట్టి, తల కదుపుతాం కాబట్టి కొంత పూడుతుంది కానీ, ఒక్క కంటి లెక్కలో 20 మీటర్ల దగ్గర ఆ సందు దాదాపు రెండు మీటర్లు. ఒక మోటార్ సైకిల్ అందులో దాక్కోగలదు. ధర ఎక్కడో ఒకచోట కట్టాల్సిందే.

బిగించిన విధానం

చివరికి 30 సెం.మీ. చదును అద్దం తెప్పించాం. ఎవరైనా పాత కారుకి పెట్టాలనుకుంటే పనికొస్తుందని చేసినవన్నీ వరసగా చెప్తున్నా.

మొదటిది, కొనకముందే అట్టముక్క. అద్దం సైజుకి అట్ట కోసి పాత అద్దం మీద టేపుతో అంటించండి. ఎండకి అడ్డం పెట్టే వైజర్లు దించితే తగులుతున్నాయా, టాప్ మూసేటప్పుడు ఫ్రేము తగులుతోందా, డ్రైవర్‌కి ముందు రోడ్డు అడ్డొస్తోందా చూసుకోండి. మాకు ఎడమ వైజర్ తగిలింది. అట్టని రెండు అంగుళాలు డ్రైవర్ వైపు జరిపితే కుడిది తగిలింది. చివరికి అద్దాన్ని ఎత్తు తగ్గించాం. ఎమ్‌జీబీలో ముందు గాజు మధ్యన నిలువుగా ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. అద్దాన్ని దానికే బిగిస్తారు, పైకీ కిందకీ జరపొచ్చు. అది మా అదృష్టం.

రెండోది, బరువు. అత్తయ్య కేకులు తూచే త్రాసు మీద పెడితే కొత్త అద్దం 310 గ్రాములు. పాతది సుమారు 150. అంటే ఒకే కడ్డీ మీద బరువు మూడింతలైంది. స్ప్రింగ్‌కి వేలాడే బరువు మూడింతలైతే దాని సహజ పౌనఃపున్యం వర్గమూలం లెక్కన సుమారు 1.75 రెట్లు తగ్గుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే సెకనుకి సుమారు 27 దెబ్బలు పడతాయి. అద్దం పౌనఃపున్యం తగ్గి తగ్గి ఆ 27 దగ్గరికి వచ్చిందంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వణుకుతుంది. మాది సరిగ్గా అలాగే వణికింది. పైగా అద్దం ఒక డిగ్రీ కదిలితే అందులోని బొమ్మ రెండు డిగ్రీలు కదులుతుంది. కడ్డీకీ బిగింపుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి స్క్రూ బిగించాం. రెండు అద్దాల మధ్య సందులో మెత్తటి రబ్బరు పట్టీ అంటించాం. వణుకు పూర్తిగా పోలేదు కానీ వెనక బండి నంబరు చదవగలుగుతున్నాం.

మూడోది, రాత్రి. పాత అద్దాల్లో చాలావాటికి కింద ఒక చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే వెనక లైట్లు కళ్ళల్లో కొట్టవు. గాజు ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా ఉండడం వల్ల అది పనిచేస్తుంది. మీట నొక్కినప్పుడు వెండి పూత బదులు గాజు ముందు ముఖం నుంచి వచ్చే సుమారు 4 శాతం కాంతే కంటికి చేరుతుంది. పైన కొత్త అద్దం తగిలిస్తే ఆ సౌకర్యం పోతుంది. మామయ్య ఈ కారుని రాత్రి బయటికి తీయరు కాబట్టి మేం ఒప్పుకున్నాం. రాత్రి నడిపేవాళ్ళు ఆలోచించుకోవాలి.

నాలుగోది, అంచులు. చిన్న కారులో తల అద్దానికి చాలా దగ్గర. గాజు అంచు బయటికి ఉండకూడదు, చుట్టూ గుండ్రటి ప్లాస్టిక్ ఉండాలి.

ఖాళీ పార్కింగ్‌లో పరీక్ష

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న పార్కింగ్‌కి వెళ్ళాం. అత్తయ్య కూడా వచ్చారు. "నేను చూడకుండా ఏ అద్దాన్నీ నమ్మను" అని.

మొదట పాత 1400ఆర్ తగిలించి, టేపుతో కొలిచి 20 మీటర్ల దగ్గర నేను నిలబడ్డా. మామయ్య అద్దంలో చూసి "నలభై ఉంటుంది" అన్నారు. చదునుది పెట్టి మళ్ళీ అడిగితే "ఇరవై, ఇరవై రెండు" అన్నారు. అత్తయ్య టేపు చూసి, ఆయన్ని చూసి, నన్ను చూశారు. ఏమీ అనలేదు.

తర్వాత పక్క లేన్ అంత దూరంలో సుద్దతో గీత గీసి, దాని మీద వెనక నుంచి కారు వైపు నడిచా. మధ్య అద్దంలోంచి మాయమైనప్పుడు మామయ్య "పోయావ్" అనాలి, డోర్ అద్దంలో కనబడగానే "వచ్చావ్" అనాలి. మొదటిసారి "పోయావ్"కీ "వచ్చావ్"కీ మధ్య నేను తొమ్మిది అడుగులు వేశా. ఆ తొమ్మిది అడుగుల్లో నేను ఆయన ప్రపంచంలో లేను. డోర్ అద్దంలో సొంత కారు పక్క భాగమే సగం కనబడుతోంది. దాన్ని కొంచెం బయటికి తిప్పాం. ఆరు అడుగులు. ఇంకొంచెం. రెండు. చివరికి "పోయావ్" అనకముందే "వచ్చావ్" అన్నారు. అలా రెండు అద్దాల్లోనూ ఒకేసారి కనబడే చోటు ఉంటేనే సెట్టింగ్ సరైనట్టు. డోర్ అద్దం దాటి, ఆయన పక్క చూపులోకి వచ్చేదాకా కూడా ఇలాగే నడిచి చూశాం. దీనికి ఖర్చు ఒక సుద్దముక్క. మీ ఇంట్లో ఉన్న ఏ కారుకైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు. చేసుకోండి, ప్లీజ్.

అత్తయ్య షరతులు పెట్టారు. మోటార్‌వే ఎక్కకూడదు. వాన పడితే, చీకటి పడితే తీయకూడదు. ఆర్నెల్లకోసారి ఈ సుద్దగీత పరీక్ష చేయాలి, గీత మీద తనే నడుస్తారు. మెడ ఇంకా బిగుసుకుపోయి పరీక్షలో ఖాళీ వచ్చిన రోజున కారు అమ్మేయాలి. మామయ్య అన్నిటికీ తల ఊపారు, తిరిగినంత మేర.

నేను బయల్దేరే రోజు మామయ్య ఆ 1400ఆర్ అద్దాన్ని నాకు ఇచ్చేశారు. ఇప్పుడది మా హాస్టల్ గదిలో టేబుల్ మీద ఉంది. గదంతా, తలుపుతో సహా అందులో పట్టేస్తుంది. తలుపు దగ్గర నిలబడ్డ రూమ్మేట్ ఎక్కడో వరండా చివర ఉన్నట్టు కనబడుతుంది.

సరిగ్గా చెప్పాలంటే ఆ అద్దం అబద్ధం చెప్పలేదు. తన మీద 1400ఆర్ అని నిజమే రాసుకుంది. చదవడం వచ్చి కూడా చదవనిది నేను.

ఇంకో విషయం. ఏ46 మీద జరిగింది అత్తయ్యకి ఇప్పటిదాకా మేం చెప్పలేదు. మన పత్రిక లింకు ప్రతి నెలా ఆవిడకి పంపిస్తుంటా, మొత్తం చదువుతారు. కాబట్టి అత్తయ్యా, తప్పు నాది. మామయ్యని ఏమీ అనకండి.